నలుపు తెలుపుల్లో నిజమెంత?

"ఫోటో అబద్ధం చెప్పదు" అనే మాట మనందరం చిన్నప్పటినుంచీ వింటున్నదే. కోర్టులో దాఖలు చేసినా, పేపర్లో వేసినా, పెళ్ళిసంబంధం వాళ్ళకి పంపినా, ఫోటో అనేసరికి ఇక ఎదురుమాట ఉండదు. అందులోనూ పాతకాలపు నలుపు తెలుపు ఫోటో అంటే మరీ గౌరవం. రంగుల ఫోటోల్లో ఏవో హంగులు చేస్తారు గాని బ్లాక్ అండ్ వైట్‌లో ఉన్నది ఉన్నట్టు పడుతుందని మా ముమ్మిడివరం వైపు పెద్దవాళ్ళు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకంలో పస ఎంత ఉన్నదో, సైన్సు చదువుకుంటున్న విద్యార్థిగానూ, వ్యవసాయదారుల ఇంట పుట్టినవాడిగానూ నాకు తెలిసినంతలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా బొట్టు సంగతి.

మా ఇంట్లో వసారా గోడకి మా తాతగారి తల్లి ఫోటో ఒకటుంది. మీ ఇళ్ళలోనూ అటువంటిది ఉండే ఉంటుంది. పట్టుచీర, కాసులపేరు, వెనకాల రంగులు వేసిన తెర మీద ఏదో మేడ, మెట్లు. ముఖాన రూపాయంత బొట్టు. ఆ బొట్టు మాత్రం కాటుక పెట్టినట్టు నల్లగా ఉంటుంది. ముత్తైదువ నల్లబొట్టు పెట్టుకుని ఫోటో దిగడమేమిటని ఇంట్లో పిల్లలు అడగడం, "పాత ఫోటో కదా, అలాగే ఉంటుంది" అని పెద్దవాళ్ళు సరిపెట్టడం మామూలే. పాతబడితే కుంకం నల్లబడదు. అది మొదటి రోజునుంచీ నల్లగానే పడింది. ఎందుకంటే ఆ ప్లేటుకి ఎరుపు కనబడదు.

ఇది కెమిస్ట్రీ విద్యార్థులకి తెలిసిన విషయమే. ఫోటో ప్లేటు మీద పూతలో ఉండేది వెండి లవణం, ముఖ్యంగా సిల్వర్ బ్రోమైడ్. వెలుతురు తగిలిన చోట అది మార్పు చెంది, తర్వాత డెవలపర్లో వెండిగా మారి నల్లబడుతుంది. అదే నెగిటివ్. అయితే సిల్వర్ బ్రోమైడ్‌లో పని మొదలవడానికి కాంతికణానికి సుమారు 2.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. నీలం కాంతికణంలో 2.7 దాకా ఉంటుంది. ఎరుపులో 2కి మించదు. ఎన్ని ఎర్ర కణాలు వచ్చి పడినా ఒక్కొక్కదానికి ఆ శక్తి లేదు గనక పని జరగదు. అంటే ఆ ప్లేటు లెక్కలో కుంకం బొట్టు అసలు వెలుతురే పంపలేదు. వెలుతురు పంపనిది నలుపు. ప్లేటు అబద్ధం చెప్పలేదు, తనకు అందినదే రాసుకుంది.

ఫోటో స్టూడియో చీకటిగదిలో ఎర్ర బల్బు ఎందుకు పెట్టేవారన్నదానికి కూడా ఇదే జవాబు. ప్రింటు కాగితానికి ఎరుపు కనబడదు. మనిషికి కనబడుతుంది. కాబట్టి కాగితానికి తెలియకుండా మనిషి పని చేసుకోవచ్చు. మా ముత్తవ్వ బొట్టును నల్లగా చేసిన లోపమే ఫోటోగ్రాఫరుకి చీకట్లో దీపమైంది!

1873లో హెర్మన్ వోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త కొన్ని అద్దకపు రంగుల్ని పూతలో కలిపితే ప్లేటు ఆకుపచ్చని కూడా పట్టుకుంటుందని కనిపెట్టాడు. ఆ దారిలో వచ్చినవే ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు. వాటికీ ఎరుపు అందదు. ఎరుపు కూడా అందే పాంక్రొమాటిక్ ప్లేట్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గాని బజారుకి రాలేదు. వచ్చినా పాత రకం వెంటనే పోలేదు.

ఇందులో నవ్వులాటకి మించిన సంగతి ఒకటుంది. పసుపు నీలం కాంతిని మింగేస్తుంది. కాబట్టి మెరుస్తుందని ముఖానికి నిండుగా పసుపు రాసుకుని వెళ్ళిన ఆడమనిషి ఆ పాత ప్లేటు మీద మరింత నల్లగా పడుతుంది. మన చామనఛాయ ఒంటినుంచి కూడా ఎరుపు ఎక్కువగానూ, నీలం తక్కువగానూ వెలువడతాయి. ఆ ప్లేటు ఎరుపును వదిలేసి నీలాన్నే లెక్కపెడుతుంది గనక మనుషుల్ని ఉన్నదానికంటే ఒక పాలు నలుపు చేసి చూపిస్తుంది. పెళ్ళిచూపులకి ముందు ఫోటో పంపే ఆచారం వచ్చిన దేశంలో ఇది చిన్న విషయం కాదు. "పిల్ల రంగు తక్కువట" అన్న మాట వెనక ఎన్నిసార్లు పిల్ల రంగు కాక ప్లేటు గుణం ఉండి ఉంటుందో! అందుకే స్టూడియోవాళ్ళు నెగిటివ్ మీద సన్నటి పెన్సిలుతో టచింగ్ చేసేవారు. టచింగ్ అంటే మోసమని అందరూ అంటారు గాని, ప్లేటు చేసిన అన్యాయాన్ని పెన్సిలు కొంత సరిదిద్దిందని నా అభిప్రాయం. ఎక్కువ సరిదిద్దిన సందర్భాలు కూడా ఉన్నాయనుకోండి.

అయితే ఇటువంటి గుడ్డి ప్లేటు నమ్మదగిన సాక్షి కాదా? అలా అనడానికి వీల్లేదు. మన తెలుగుదేశంలోనే, గుంటూరులో, అటువంటి ప్లేట్లు సూర్యుడి గురించి సాక్ష్యం చెప్పాయి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ గుంటూరు మీదుగా పోయింది. దాన్ని చూడడానికి ఫ్రాన్సునుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు, బ్రిటిషు వారి తరఫున మేజర్ టెనెంట్ బృందం గుంటూరులో మకాం వేశారు. గ్రహణం పూర్తిగా పట్టినప్పుడు నల్లటి బింబం అంచున ఎర్రని జ్వాలలు కనబడతాయి. జాన్సెన్ ఆ జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో విడదీసి చూసి అవి వెలిగే వాయువులని తేల్చాడు. టెనెంట్ బృందం ఫోటోలు తీసింది. గాజు పలక మీద కొలోడియన్ పూత పూసి, తడి ఆరకముందే కెమేరాలో పెట్టి, వెంటనే కడగాలి. సంపూర్ణ గ్రహణం ఉండేది కొద్ది నిమిషాలు. ఆగస్టు నెల, గుంటూరు ఉక్క, చీకటి గుడారం. వాళ్ళ అవస్థ ఊహించుకోవచ్చు.

విశేషమేమంటే కొలోడియన్ ప్లేటుకి ఎరుపు కనబడదు. చూసేవాళ్ళ కంటికి ఆ జ్వాలలు ఎర్రగా ఉన్నాయి. అయినా ప్లేటు మీద అవి పడ్డాయి! ఎందుకంటే హైడ్రోజన్ వాయువు ఎరుపుతో పాటు నీలం, ఊదా గీతల్లో కూడా వెలుగుతుంది. కన్ను ఎరుపును చూసింది. ప్లేటు నీలాన్ని చూసింది. ఇద్దరూ ఒకే జ్వాల గురించి చెప్పారు. ఒక పక్కన పెద్ద కొమ్ములా లేచిన జ్వాల ఆ ఫోటోల్లో స్పష్టంగా ఉంది.

ఇక్కడ ఒక మనవి. ఆ జ్వాలలు సూర్యుడివా, చంద్రుడివా, లేక మన గాలిలో పుట్టే భ్రమా అని అంతకుముందు పెద్ద వాదన ఉండేది. ఒక్క ఫోటోతో ఆ వాదన తీరలేదు. 1860లో స్పెయిన్‌లో గ్రహణం పట్టినప్పుడు దూరదూరాన ఉన్న రెండు చోట్లనుంచి, ఒకచోట డి లా ర్యూ, మరొకచోట సెక్కీ, ఫోటోలు తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే జ్వాలల ఆకారాలు ఒకటే. గాలిలో పుట్టిన భ్రమ అయితే రెండు చోట్లా ఒకేలా పడదు కదా. పైగా చంద్రుడు కదిలిన కొద్దీ అవి ఒకపక్క కప్పబడి, రెండోపక్క బయటపడ్డాయి. అంటే చంద్రుడికి అంటుకుని లేవు, సూర్యుడివే. 1868లోనూ అంతే. గుంటూరు కంటే ముందు అరేబియా కొసన ఉన్న ఏడెన్‌లో గ్రహణం పట్టింది. అక్కడ జర్మన్ బృందం తీసిన ఫోటోల్లో కూడా ఆ కొమ్ము ఉంది. ఆ బృందంలో ఫోటోలు తీసినవారిలో ఒకడు మన వోగెల్, అయిదేళ్ళ తర్వాత ప్లేటుకి ఆకుపచ్చను చూపించిన ఆయనే.

కనక ప్లేటు గుడ్డిదైనా పరవాలేదు, అది దేన్ని చూడలేదో మనకి తెలిస్తే చాలు. కాని అది ఎక్కడనుంచి చూసిందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. రంగులొచ్చినా, ఫోన్లొచ్చినా ఈ ప్రశ్న మాత్రం పోలేదు.

మా ఊరి కాలవగట్టు మీద నిలబడితే కొబ్బరిచెట్లు వరసగా చిన్నవవుతూ దూరాన ఒక చుక్కలో కలిసిపోయినట్టు కనబడతాయి. దీన్ని కొలిచి చూద్దాం. మీకు 5 మీటర్ల దూరంలో ఒక చెట్టు, 25 మీటర్లలో అంతే ఎత్తున్న ఇంకో చెట్టు ఉన్నాయనుకోండి. ఫోటోలో మొదటిది రెండోదానికంటే అయిదు రెట్లు పెద్దగా పడుతుంది. ఇప్పుడు మీరు 100 మీటర్లు వెనక్కి నడవండి. దూరాలు 105, 125 అవుతాయి. ఇప్పుడు తేడా అయిదోవంతు కూడా లేదు. చెట్లు రెండూ పక్కపక్కన ఆనుకుని ఉన్నట్టే పడతాయి. చెట్లు కదల్లేదు, మీరు కదిలారు. పెద్ద లెన్సు వేస్తే దగ్గరకి వస్తుందని అందరూ అంటారు గాని, లెన్సు బొమ్మని పెద్దది చేస్తుందే తప్ప ఈ నిష్పత్తిని మార్చదు. నిష్పత్తిని మార్చేవి మన కాళ్ళు.

రాజకీయ సభలకి ఈ సూత్రం బాగా తెలుసు. దూరంనుంచి పొడుగు లెన్సుతో తీస్తే నాలుగు వందలమంది ఇసక వేస్తే రాలనట్టుంటారు. పక్కనుంచి ఎత్తుమీద తీస్తే మధ్యలో ఖాళీ కుర్చీలు లెక్కపెట్టవచ్చు. రెండు పేపర్లలో రెండు ఫోటోలు. రెండిట్లోనూ ఏ దిద్దుబాటూ లేదు.

ఇలా ఎక్కడ నిలబడ్డాడన్నది మనుషుల ప్రాణాల వరకూ వెళ్ళిన సందర్భం ఒకటి చెప్పాలి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది 1876-78 నాటి కరువు. మద్రాసు రాజధానిలో బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు దానికి బాగా బలయ్యాయి. అప్పుడు మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విలోబీ హూపర్ కరువుబాధితుల ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్ళలాంటి మనుషులు, పిల్లలు, గుంపుగా కూర్చుని ఉంటారు. చూస్తే కడుపులో దేవినట్టవుతుంది. ఇంగ్లండులో జనానికి ఈ కరువు ఎంత ఘోరమో తెలియడానికి అటువంటి ఫోటోలే తోడ్పడ్డాయి.

అయితే ఒక విషయం గమనించండి. ఆ గుంపుని ఎవరో అలా అమర్చారు. పెద్దవాళ్ళు వెనక, పిల్లలు ముందు. కుటుంబాల వాళ్ళు స్టూడియోలో దిగినట్టే ఉంటుంది వరస. ఆ రోజుల్లో ఫోటో పడాలంటే మనిషి కాసేపు కదలకుండా ఉండాలి కూడాను. నిలబడే ఓపిక లేనివాళ్ళని అలా కూర్చోబెట్టి తీశారు. తీశాక వాళ్ళకి తిండైనా పెట్టకుండా పంపేశాడని హూపర్ మీద విమర్శ ఉంది. ఆ ఎముకలు అబద్ధమా? కాదు. ఆ వరస నిజమా? అదీ కాదు. వాళ్ళకి పది గజాల దూరంలో పుష్టిగా నిలబడ్డ మనిషొకడు ఉన్నాడు, అతడు ఫోటోలో లేడు. కెమేరా వెనక ఉన్నాడు.

ఇంకొక మాట. అవే సంవత్సరాల్లో ఎవరైనా గోదావరి డెల్టాలో ఫోటో తీస్తే ఏం పడి ఉండేది? కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. మా డెల్టాలో కాలవలు పారాయి, ఆ కరువు మమ్మల్ని అంతగా తాకలేదు. నిండు చేలు పడి ఉండేవి. ఆ ఫోటోని లండనులో చూపించి మద్రాసు రాజధాని సుభిక్షంగా ఉందనవచ్చు! ఒక చేను ఫోటో ఆ చేనుకి సాక్ష్యం గాని దేశానికి సాక్ష్యం కాదు. నిజానికి ఒక్కోసారి ఆ చేనుకే సాక్ష్యం కాదు. అది మా ఇంట్లో అనుభవమైన విషయం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానలకి మా వైపు సార్వా చేలు కొన్ని కోతకి ముందే పడిపోయాయి. మాదీ అంతే. మధ్యలో చేను నేలకి కరుచుకుని, కంకులు నీళ్ళలో నాని మొలకలొచ్చేశాయి. గట్టువారన మాత్రం ఏడెనిమిది వరసలు నిలబడి ఉన్నాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినతను రోడ్డువైపు గట్టు మీద నిలబడి ఫోన్‌తో ఒక ఫోటో తీసుకున్నాడు. బురదలో దిగమని ఎవరూ అనలేదు. ఆ ఫోటోలో మా చేను నిండుగా నిలబడి ఉంది!

ఇది మాయ కాదు, సదృశ త్రిభుజాల లెక్క. గట్టు మీద నిలబడ్డవాడి కన్ను చేను నేలకి 2 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. వరి ఎత్తు 1 మీటరు. 20 మీటర్ల దూరంలో ఉన్న దుబ్బు తల మీదుగా చూపు పోతే, ఆ చూపు నేలని తాకేది ఇంకో 20 మీటర్ల అవతల. అంటే ఆ ఒక్క వరస తన వెనక 20 మీటర్ల నేలని దాచేస్తుంది. అదే మనిషి 5 మీటర్ల ఎత్తు డాబా మీద నిలబడితే అదే దూరంలో ఉన్న వరస దాచగలిగేది 5 మీటర్లే. మా నాన్నగారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే, "ఇది నాకు తెలుసురా, అందుకే చేను బాగోగులు గట్టు మీదనుంచి చూడకూడదంటారు" అన్నారు. త్రిభుజాలు లేకుండానే ఆయనకి తెలుసు.

తర్వాత కథ నలుపు తెలుపులది. మా తరఫున కూడా ఫోటోలు తీసి అర్జీతో జత చేయమన్నారు. ఫోన్లో రంగుల్లో తీశాం. కుళ్ళిన గడ్డి ఒక రంగు, పండిన కంకి ఒక రంగు, మొలకల లేతపచ్చ ఒక రంగు, తేడా కొట్టొచ్చినట్టు ఉంది. కాని ఫైలులో పెట్టింది వాటి జిరాక్సు. జిరాక్సులో మూడూ ఒకటే బూడిద రంగు! కుర్చీలో కూర్చున్నాయన ఆ కాగితం చూసి "చేను బాగానే ఉన్నట్టుందే" అన్నాడు. ఆయన చూసిన కాగితంలో అలాగే ఉంది మరి.

మన కన్ను రంగుని మూడు కొలతలుగా తీసుకుంటుంది, ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. నలుపు తెలుపు ఫోటో ఆ మూడింటినీ కలిపి ఒక్క అంకె చేస్తుంది. మూడు తెలియని రాశులు, ఒకటే సమీకరణం. ఆ అంకెనుంచి వెనక్కి వెళ్ళి మూడింటినీ తేల్చడం ఏ లెక్కల మాస్టారి వల్లా కాదు. 1957 నాటి మాయాబజార్‌ని 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేశారు కదా. అందులో శశిరేఖ చీర రంగు ఫిల్ములోనుంచి వచ్చింది కాదు, మార్చినవాళ్ళు ఆలోచించి ఎంచుకున్నది. అందంగానే ఉంది. కాని నాకు మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో చూపించిన వెన్నెలే ఇష్టం. అదీ అసలు వెన్నెల కాదనుకోండి. నిండు పున్నమి వెలుగు ఎండలో సుమారు నాలుగు లక్షలోవంతు. ఆనాటి సినిమా ఫిల్ముకి అది చాలదు. దీపాలతో కల్పించిన వెన్నెల అది. సినిమాకి ఆ స్వేచ్ఛ ఉంది, ఎందుకంటే అది కథ అని టిక్కెట్టు కొన్నవాడికి తెలుసు. అర్జీ ఫైలులో ఉన్న ఫోటోని కథ అని ఎవరూ అనుకోరు. చిక్కంతా అక్కడే.

మరి ఫోటోలని నమ్మడం మానేయాలా? గ్రహణం ఫోటోలు తీసినవాళ్ళు మానేయలేదు. ఎక్కడనుంచి తీశారో, ఏ సమయానికి తీశారో, ఏ ప్లేటు వాడారో రాసిపెట్టారు. ఒకటి చాలదని రెండో చోటునుంచి తీసినదానితో పోల్చారు. ఈ పని మా ముమ్మిడివరంలో ఒక రైతు కూడా చేసుకోగలడు, ఖర్చు లేదు.

కిందటి సార్వాలో మా ఇంట్లో అలాగే చేశాం. వెదురుకర్ర ఒకటి తెచ్చి అడుగడుగుకీ తెల్లసున్నంతో గీతలు పెట్టాం. చేను మధ్యలో ఆ కర్ర పాతి, గట్టు మీదనుంచి ఒక ఫోటో, పక్క కమతం వాళ్ళ డాబా మీదనుంచి ఒక ఫోటో, కర్ర పక్కనే నిలబడి కిందికి చూస్తూ ఒక ఫోటో. తేదీ, వేళ, ఏ దిక్కుకి తిరిగి తీశామో నోటుపుస్తకంలో రాశాం. జిరాక్సు తీస్తే కర్ర మీద గీతలు చక్కగా కనబడుతున్నాయి, అవి నలుపు తెలుపులే గనక. ఆ ఏడు చేను పడలేదు, అర్జీ పెట్టే అవసరం రాలేదు. కర్ర మాత్రం పశువులపాక చూరులో దాచి ఉంచాం. ఎవరైనా రైతుబిడ్డలు కావాలంటే వచ్చి కొలతలు చూసుకోవచ్చు.